పాత ఇంగ్లీష్ డిటెక్టివ్ నవలలు: మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

షెర్లాక్ హోమ్స్, అగాథా క్రిస్టీ మాట ఎక్కడ వచ్చినా కాసేపటికి ఇవే ప్రశ్నలు తిరిగొస్తున్నాయి. ప్రతిసారీ కొత్తగా రాసే ఓపిక లేక అన్నీ ఒకచోట పెట్టేశాను. వరసగా చదవాల్సిన పనిలేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. ఏ పుస్తకంలోనూ హంతకుడెవరో చెప్పలేదు కాబట్టి ధైర్యంగా చదవొచ్చు.

## మొదలుపెట్టే ముందు

లిస్టులు వద్దు, ఒక్క పుస్తకం పేరు చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలి?

'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్', అగాథా క్రిస్టీ, 1950. ఒక చిన్న ఊళ్ళో పొద్దున్నే లోకల్ పేపర్ వస్తుంది. అమ్మకాలు, కొనుగోళ్ళ చిన్న ప్రకటనల మధ్య ఇంకో ప్రకటన ఉంటుంది: ఫలానా శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి లిటిల్ ప్యాడక్స్ అనే ఇంట్లో ఒక హత్య జరుగును, మిత్రులు దీన్నే ఆహ్వానంగా భావించగలరు. ఆ ఇంటావిడకి ఈ సంగతే తెలీదు. ఊళ్ళోవాళ్ళేమో ఇదేదో సరదా ఆట అనుకుని, ఒక్కొక్కరూ ఒక్కో వంక పెట్టుకుని సరిగ్గా టైముకి దిగిపోతారు. గడియారం కొడుతుంది, లైట్లు ఆరిపోతాయి. అక్కడిదాకా చదివి పుస్తకం పక్కన పెట్టగలిగారంటే ఈ రకం కథలు మీకు పడవన్నమాట, ఇంకేదైనా చదువుకోండి.

నవల చదివే టైము లేదు. చిన్న కథ ఏదైనా ఉందా?

షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్ రాసిన 'ది రెడ్ హెడెడ్ లీగ్', 1891. ఒక తాకట్టు కొట్టు యజమానికి జుట్టు ఎర్రగా ఉన్నందుకు ఉద్యోగం వస్తుంది. వారానికి నాలుగు పౌండ్లు, పది నుంచి రెండు దాకా డ్యూటీ, పని ఏంటంటే కూర్చుని ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా కాపీ చేయడం. కొన్ని వారాలకి ఆఫీసు తలుపు మీద నోటీసు, సంస్థ రద్దయింది అని. ఇందులో నేరం ఎక్కడుందో కథ చెప్పే హోమ్స్ మిత్రుడు వాట్సన్‌కి అర్థం కాదు, మనకీ కాదు. హోమ్స్ ఆ కొట్టు దగ్గరికి వెళ్ళి పేవ్‌మెంట్ మీద కర్రతో రెండు మూడుసార్లు గట్టిగా కొడతాడు, తలుపు తట్టి దారి అడుగుతాడు, తలుపు తీసిన కుర్రాడి ముఖం వదిలేసి ప్యాంటు మోకాళ్ళ దగ్గర చూస్తాడు. అంతే, ఆయన పని అయిపోయింది. ఆ కర్ర ఎందుకు, ఆ మోకాళ్ళు ఎందుకు అన్నది మీరే చూసుకోండి.

హోమ్స్ కథలకీ క్రిస్టీ నవలలకీ తేడా ఏంటి? రెండూ డిటెక్టివ్‌లే కదా?

హోమ్స్ చేసేది మనం చూస్తాం. క్రిస్టీతో అయితే మనం ఆడతాం. హోమ్స్ మొదటిసారి కనిపించిన 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్' (1887)లో, లండన్‌లో సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి ల్యాబ్‌లో వాట్సన్‌ని పరిచయం చేయగానే, మీరు అఫ్ఘానిస్తాన్‌లో ఉండి వచ్చినట్టున్నారే అంటాడు. ఎలా తెలిసిందో చాలాసేపటికి గానీ చెప్పడు: చూస్తే డాక్టరులా ఉన్నారు, వాలకం మిలిటరీది, ముఖం ఎండకి నల్లబడింది కానీ మణికట్లు తెల్లగానే ఉన్నాయి, మనిషి చిక్కిపోయాడు, ఎడమ చెయ్యి బిగబట్టి ఉంచుతున్నాడు. వినగానే అబ్బ అనిపిస్తుంది. కానీ ఆ మణికట్టు రంగు ఆ సీన్‌లో మనకెవరూ చూపించలేదు, చూపించి ఉంటే అప్పుడు ఆట. 1920ల నుంచి వచ్చిన రచయితలు ఆ లోటే పూరించారు: డిటెక్టివ్ చూసిందంతా పాఠకుడి ముందు కూడా పెట్టాలి, పెట్టి కూడా మోసం చేయాలి. ఇది చాలా కష్టమైన పని. క్రిస్టీ అందులో అందరికంటే దిట్ట.

నా ఇంగ్లీష్ అంతంతమాత్రం. చదవగలనా?

క్రిస్టీని చదవగలరు. వాక్యాలు పొట్టివి, సగం పుస్తకం సంభాషణలే, వర్ణనలు తక్కువ. ఇంగ్లీష్ నవల అలవాటు చేసుకోవాలనుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి దారి లేదంటాను, ఎందుకంటే తర్వాత ఏమైందో తెలుసుకోవాలన్న టెన్షన్‌లో డిక్షనరీ సంగతే మర్చిపోతాం. హోమ్స్ కొంచెం పాతకాలపు ఇంగ్లీష్, నాలుగు కథలకి అలవాటైపోతుంది. క్రిస్టీ కాలపు ఇంకో రచయిత్రి డొరొతీ సేయర్స్‌ని మాత్రం మొదటే పట్టుకోకండి. మధ్యమధ్యలో ఫ్రెంచ్, లాటిన్, కవిత్వం ముక్కలు వస్తాయి, ఆవిడ మనకోసం ఆగదు.

వరసలో చదవాలా, ఏది దొరికితే అది చదవచ్చా?

ఏది దొరికితే అది. మూడు మినహాయింపులున్నాయి. క్రిస్టీ డిటెక్టివ్ ప్వారో ఆఖరి నవల 'కర్టెన్' ఆఖర్నే చదవండి. క్రిస్టీ దాన్ని రెండో ప్రపంచ యుద్ధకాలంలోనే రాసి దాచిపెట్టి 1975లో బయటపెట్టింది, అది వస్తోందనగానే న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ప్వారో చనిపోయాడని వార్త వేసింది (ఇది స్పాయిలర్ కాదు, యాభై ఏళ్ళుగా అందరికీ తెలిసిన సంగతే). హోమ్స్‌లో 'ది ఫైనల్ ప్రాబ్లమ్' చదివాకే 'ది ఎంప్టీ హౌస్' చదవాలి. సేయర్స్ నవలల్లో హ్యారియట్ వేన్ అనే పాత్ర వచ్చే నాలుగూ 'స్ట్రాంగ్ పాయిజన్' (1930) నుంచి వరసగా చదవాలి, అందులో ప్రేమకథ పుస్తకం నుంచి పుస్తకానికి నడుస్తుంది.

పీడీఎఫ్ ఉంటే పంపుతారా?

హోమ్స్ కోసం ఎవర్నీ అడగక్కర్లేదు. డాయిల్ 1930లో పోయాడు, మన దేశంలో ఆ కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతాయి. చెస్టర్టన్ రాసిన ఫాదర్ బ్రౌన్ కథలూ అంతే. క్రిస్టీ 1976 జనవరిలో చనిపోయింది కాబట్టి ఇక్కడ 2036 చివరిదాకా కాపీరైట్ ఉంటుంది. తొలినాళ్ళ నవలలు కొన్ని అమెరికాలో గడువు దాటి నెట్‌లో కనిపిస్తున్నాయి గానీ అది ఆ దేశపు లెక్క. సెకండ్ హ్యాండ్ షాపుల్లో, ఆదివారం పేవ్‌మెంట్ల మీద క్రిస్టీ దొరకని ఊరు తక్కువ, అక్కడ కొనుక్కోండి.

తెలుగులో ఇలాంటివి లేవా?

హోమ్స్ కథలకి అనువాదాలు వచ్చాయి. సొంతంగా మనకి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఉన్నారు. అద్దె లైబ్రరీల్లో ఆ పుస్తకాలు అట్టలూడిపోయేదాకా తిరిగాయి. తెలివైన డిటెక్టివ్, పక్కన ప్రశ్నలడిగే అసిస్టెంట్ అన్న జంట హోమ్స్ వాట్సన్‌ల నుంచే అన్ని భాషలకీ పాకింది. కాకపోతే యుగంధర్ నవలల్లో వేగం, ప్రమాదం, వెంటాడటం ఎక్కువ. కుర్చీలో కూర్చుని పజిల్ విప్పే క్రిస్టీ తరహా కోసం వాటిని తెరిస్తే వేరే రుచి తగులుతుంది. దేని సరదా దానిదే.

## చదువుతూ ఉండగా

పాత్రల పేర్లన్నీ కలిసిపోతున్నాయి. ఎవరు ఎవరో గుర్తుండట్లేదు, ఏం చేయాలి?

బుక్‌మార్క్‌గా ఒక తెల్లకాగితం పెట్టుకుని పేరు రాగానే రాసుకోండి: పేరు, చనిపోయినవాళ్ళకి ఏమవుతారు, డబ్బు అవసరం ఉందా. మూడో అధ్యాయం దాటాక ఇక చూడక్కర్లేకుండానే గుర్తుంటుంది. నయో మార్ష్ లాంటి కొందరు రచయితలు పుస్తకం మొదట్లోనే పాత్రల పట్టిక ఇచ్చేవారు.

షిల్లింగ్, గినీ, హాఫ్ క్రౌన్ అంటుంటారు. ఈ లెక్కేంటి?

పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. గినీ అంటే 21 షిల్లింగులు, డాక్టర్లు లాయర్లు ఫీజు గినీల్లో చెప్పడం గొప్ప. హాఫ్ క్రౌన్ రెండున్నర షిల్లింగులు. 1971లో ఇదంతా పోయి పౌండుకి 100 పెన్నీలయ్యాయి.

హత్య జరగ్గానే ఇంక్వెస్ట్ అంటారు. అది కోర్టు కేసా?

కాదు. అనుమానాస్పద మరణం జరిగితే కరోనర్ అనే అధికారి, అప్పట్లో చాలావరకు జ్యూరీతో కూర్చుని, ఎవరు, ఎక్కడ, ఎలా చనిపోయారో తేల్చే విచారణ. మన దగ్గర శవ పంచనామా పోలీసులే చేస్తారు, అక్కడ అది ఊరంతా వచ్చి కూర్చునే బహిరంగ తంతు. నవలా రచయితలకి అది వరం: పాత్రలందరూ ఒకే గదిలో ప్రమాణం చేసి మాట్లాడతారు, మనం అబద్ధాలు ఏరుకోవచ్చు. "గుర్తుతెలియని వ్యక్తులు చేసిన హత్య" అని తీర్పు వచ్చిందంటే అసలు కథ అప్పుడు మొదలవుతుందన్నమాట.

అందరూ విషమే పెడతారెందుకు? తుపాకులు లేవా?

ఉన్నాయి, కానీ తుపాకీ పేలితే ఆ క్షణంలో ఎవరెక్కడున్నారో లెక్క తేలిపోతుంది. విషానికి ఆ ఇబ్బంది లేదు. పొద్దున మందు సీసాలో కలిపి సాయంత్రానికి వేరే ఊళ్ళో ఉండొచ్చు, అప్పుడు ఇంట్లో ప్రతివాళ్ళ మీదా అనుమానం సమానంగా ఉంటుంది. రచయితకి కావాల్సిందదే.

ఇది గాల్లోంచి పుట్టిన సంగతేం కాదు. ఆర్సెనిక్ ఎంత తేలిగ్గా దొరికేదంటే, 1851లో ప్రత్యేకంగా చట్టం చేసి కొనేవాళ్ళ పేరు రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టించాలనీ, పంచదారో పిండో అనుకోకుండా మసో నీలిమందో కలిపి అమ్మాలనీ నియమం పెట్టారు. పాత నవలల్లో డిటెక్టివ్ మందుల షాపుకెళ్ళి రిజిస్టర్ అడగడం అందుకే. హే ఆన్ వై అనే ఊరి లాయర్ హెర్బర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని భార్యకి ఆర్సెనిక్ పెట్టినందుకు 1922లో ఉరితీశారు, తోటలో కలుపు మొక్కల కోసం కొన్నానన్నది అతని వాదన. క్రిస్టీకైతే విషాలు వృత్తిరీత్యా తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధంలో టోర్కీ ఊరి ఆసుపత్రి డిస్పెన్సరీలో మందులు కలిపే పని చేసింది, తొలి నవల అక్కడ ఉండగానే రాసింది. ఆవిడ 1961 నవలలో థాలియం విషం లక్షణాలు ఎంత కచ్చితంగా రాసిందంటే, 1977లో లండన్ ఆసుపత్రిలో డాక్టర్లకి అంతుపట్టని ఒక పసిబిడ్డ జబ్బుని ఆ నవల చదువుతున్న నర్సు గుర్తుపట్టింది.

ఒక్కసారి కూడా హంతకుణ్ణి కనిపెట్టలేకపోతున్నాను. నాలోనే లోపమా?

లోపమేం లేదు, మీరు కనిపెట్టకూడదనే కదా వాళ్ళ తాపత్రయం. అయినా కొన్ని కిటుకులు చెప్తాను. ఒక గదిలో ఉన్న వస్తువుల్ని వరసగా చెప్తున్నప్పుడు అసలు క్లూ మొదట్లోనో చివర్లోనో ఉండదు, మధ్యలో ఉంటుంది. నవ్వు తెప్పించే వాగుడుకాయ పాత్ర ఏదైనా అంటే దాటేయకండి. ఎవరైనా సగం మాట చెప్పి ఆపేస్తే ఆ సగానికి మీరనుకున్న అర్థం కాకుండా ఇంకో అర్థం ఉందేమో చూడండి. అన్నిటికంటే ముఖ్యం, ఒక విషయం "అందరికీ తెలిసిందే" అన్నట్టు ఎవరి నోటినుంచి వచ్చిందో చూసుకోండి. చాలాసార్లు అది ఒక్క మనిషి చెప్పిన మాట, మిగతావాళ్ళంతా నమ్మేశారంతే.

హంతకుడెవరో ఎవరో చెప్పేశారు. ఇక చదవడం దండగేనా?

కాదు, నిజానికి అసలు సరదా రెండోసారిలోనే ఉంది. మొదటిసారి కథ చూస్తాం, రెండోసారి రచయిత్రి చేతుల్ని చూస్తాం. 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' (1926) వచ్చినప్పుడు ఇది మోసం అని గొడవ చేసినవాళ్ళున్నారు. రెండోసారి చదివితే ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదని తెలుస్తుంది, కళ్ళముందే అన్నీ పెట్టి మసిపూసి మారేడుకాయ చేసింది. నేనైతే మంచి డిటెక్టివ్ నవలకి ఇదొక్కటే పరీక్ష అంటాను: ముగింపు తెలిసి కూడా చదవబుద్ధి కావాలి. దీనికి తట్టుకోనివి కుప్పలుతెప్పలుగా ఉన్నాయి, అవి రైల్లో వదిలేసినా బాధ లేదు.

## కొన్ని చదివేశాక

గోల్డెన్ ఏజ్ అంటుంటారు, అదెప్పుడు?

సుమారుగా రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలం, 1920లూ 30లూ. క్రిస్టీ తొలి నవల 1920లో, సేయర్స్‌ది 1923లో, మార్జరీ ఆలింగమ్ డిటెక్టివ్ కాంపియన్ తొలిసారి కనిపించింది 1929లో, నయో మార్ష్‌ది 1934లో. నయో మార్ష్ న్యూజిలాండ్ ఆవిడ. గీత గీసినట్టు ఆగిపోలేదు, ఆ పద్ధతిలో 50ల్లో కూడా మంచివి వచ్చాయి.

డిటెక్టివ్ కథలకి పది రూల్స్ ఉన్నాయట, నిజమేనా?

నిజమే, సరదాగా రాసినవే అయినా. రొనాల్డ్ నాక్స్ అనే క్యాథలిక్ ఫాదర్ 1929లో రాశాడు, ఆయనా డిటెక్టివ్ నవలలు రాసేవాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి, దెయ్యాలు భూతాలు పనికిరావు, రహస్య మార్గం ఒకటి మించి ఉండకూడదు, ఎవరూ వినని విషం వాడకూడదు, ముందే హింట్ ఇవ్వకుండా కవలల్ని దింపకూడదు, డిటెక్టివ్‌కి దొరికిన క్లూ పాఠకుడికి దాచకూడదు. చైనావాడు ఉండకూడదన్న రూల్ చూసి చాలామంది ఉలిక్కిపడతారు. చవకబారు థ్రిల్లర్లలో విలన్ అంటే చైనావాడే అన్న అలవాటు మీద విసురు అది.

1930లో మొదలైన డిటెక్టివ్ రచయితల సంఘం డిటెక్షన్ క్లబ్‌కి చెస్టర్టన్ తొలి అధ్యక్షుడు. కొత్త సభ్యులు ఎరిక్ అని పేరుపెట్టిన ఒక పుర్రె మీద చెయ్యివేసి, దైవవాణి మీదా కాకతాళీయం మీదా ఆధారపడను అని ప్రమాణం చేసేవారు. పెద్దపెద్దవాళ్ళు చీకట్లో కొవ్వొత్తులు పట్టుకుని ఇదంతా చేశారంటే ముచ్చటేస్తుంది.

క్రిస్టీ అయిపోయింది. తర్వాత ఎవరు?

ఆవిడ డిటెక్టివ్ నవలలే 66 ఉన్నాయి, నిజంగా అయిపోయాయా? సరే. మూసేసిన గదిలో హత్య ఎలా జరిగింది అన్న పజిల్ ఇష్టమైతే జాన్ డిక్సన్ కార్, 'ది హాలో మ్యాన్' (1935). మధ్యలో డిటెక్టివ్ కథ ఆపి, మూసిన గదిలో హత్య ఎన్ని రకాలుగా చేయొచ్చో ఒక అధ్యాయం మొత్తం లెక్చర్ ఇస్తాడు. ఒకే హత్యకి ఒకరి తర్వాత ఒకరు వేర్వేరు పరిష్కారాలు చెప్పే ఆట కావాలంటే ఆంథొనీ బర్క్‌లీ 'ది పాయిజన్డ్ చాక్లెట్స్ కేస్' (1929). మనుషులు, మాటలు, ఊరి వాతావరణం కావాలంటే సేయర్స్ 'ది నైన్ టైలర్స్' (1934), చర్చి గంటలు మోగించే విద్య చుట్టూ తిరిగే కథ. ఆ గంటల లెక్కల పేజీలు అర్థంకాకపోయినా ఫర్వాలేదు, సగంమంది ఇంగ్లీషువాళ్ళకే అర్థం కావు. జోసెఫిన్ టే 'ది డాటర్ ఆఫ్ టైమ్' (1951) అయితే ఇంకా వింత: కాలు విరిగి ఆసుపత్రి మంచం మీదున్న ఇన్‌స్పెక్టర్ నాలుగొందల ఏళ్ళనాటి రాజు మూడో రిచర్డ్ నిజంగా తన అన్న పిల్లల్ని చంపించాడా అని పుస్తకాలు తెప్పించుకుని విచారిస్తాడు.

ఇండియా గురించీ వేరే జాతుల గురించీ అడ్డదిడ్డంగా రాశారేంటి?

రాశారు, దాన్ని సమర్థించే పనిలేదు. హోమ్స్ నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్' (1890)లో అండమాన్ మనిషిని మృగంలా వర్ణించిన తీరు ఇవాళ చదవడం కష్టం. 20లు, 30ల నవలల్లో యూదుల మీద ఎకసెక్కాలు బోలెడు. క్రిస్టీ 1939 నవల బ్రిటన్‌లో మొదట అచ్చయిన పేరు నల్లవాళ్ళని తిట్టే మాటతో ఉండేది, ఇప్పుడది 'అండ్ దెన్ దేర్ వర్ నన్'. ఈ మధ్య ఎడిషన్లలో అలాంటి వాక్యాలు కొన్ని తీసేశారని 2023లో పేపర్లలో వచ్చి పెద్ద చర్చే జరిగింది. నా మటుకు నాకు ఉన్నదున్నట్టు ఉంచి ముందుమాటలో చెప్పడమే మేలనిపిస్తుంది.

అన్నీ ఒకేలా లేవు మరి. విల్కీ కాలిన్స్ 'ది మూన్‌స్టోన్' (1868) మొదలయ్యేదే 1799 శ్రీరంగపట్నం ముట్టడిలో ఒక ఇంగ్లీష్ ఆఫీసర్ కాపలావాళ్ళని చంపి వజ్రం కాజేయడంతో. అంటే కథలో మొదటి దొంగ తెల్లదొరే. ఆ వజ్రానికి ప్రేరణగా కాలిన్స్ ముందుమాటలో చెప్పిన రెండిట్లో ఒకటి కోహినూర్, మన కృష్ణా తీరాన కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే రాయి.

క్రిస్టీ పదకొండు రోజులు మాయమైపోయిందట?

1926 డిసెంబర్‌లో. కారు ఒకచోట వదిలేసి ఉంది, దేశమంతా వెతికారు, చివరికి హారోగేట్ హోటల్లో వేరే పేరుతో దొరికింది. ఆ ఏడాదే తల్లి పోయింది, భర్త విడాకులు అడిగాడు. ఆ రోజుల గురించి ఆత్మకథలో కూడా ఆవిడ రాయలేదు. పబ్లిసిటీ కోసం చేసిందన్న మాట మాత్రం నేను నమ్మను.

వందేళ్ళు దాటినా జనం ఇంకా ఎందుకు చదువుతున్నారు?

మామూలుగా చెప్పే జవాబు: యుద్ధంలో లక్షలమంది పోయాక, హత్యకి కారణం దొరికి నేరస్థుడు పట్టుబడే కథలు జనానికి ఊరటనిచ్చాయి అని. కొంత నిజమే కానీ పూర్తిగా ఒప్పుకోలేను. హోమ్స్ పిచ్చి యుద్ధానికి ముందుదే: 1891లో స్ట్రాండ్ మ్యాగజైన్‌లో కథలు మొదలయ్యాయి, 1893లో డాయిల్ హోమ్స్‌ని చంపేస్తే పాఠకులు ఊరుకోలేదు, 1903కల్లా బతికించాల్సి వచ్చింది. అక్కడ కొన్ని నేలబారు కారణాలు కూడా పనిచేశాయి. చదువు వచ్చినవాళ్ళు పెరిగారు, రైలు ప్రయాణాలు పెరిగాయి, స్టేషన్లలో పుస్తకాల స్టాళ్ళు వచ్చాయి, రెండు పెన్నీల అద్దె లైబ్రరీలు వచ్చాయి, 1935లో పెంగ్విన్ ప్రచురణ సంస్థ ఆరు పెన్నీలకి పేపర్‌బ్యాక్ పుస్తకాలు మొదలుపెడితే తొలి పదిలో రెండు డిటెక్టివ్ నవలలే, ఒకటి క్రిస్టీది, ఒకటి సేయర్స్‌ది.

కానీ ఇవాళ చదివే మనకి ఆ యుద్ధమూ లేదు, ఆ రైళ్ళూ లేవు. జపాన్‌వాళ్ళకి అంతకంటే లేవు, అయినా అక్కడ ఈ పజిల్ నవలలు సొంత సంప్రదాయంగా పాతుకుపోయి ఇప్పటికీ రాస్తున్నారు. నేననుకునేది ఏంటంటే, ఇది పాఠకుణ్ణి తెలివైనవాడిగా లెక్కేసే సాహిత్యం. నీకన్నీ చూపిస్తాను, అబద్ధం చెప్పను, చేతనైతే పట్టుకో అంటుంది. ఆ ఒప్పందం పాతబడదు. జె. జెఫర్సన్ ఫార్జన్ 1937 నవల 'మిస్టరీ ఇన్ వైట్'ని ఇంచుమించు అందరూ మర్చిపోయాక బ్రిటిష్ లైబ్రరీ మళ్ళీ అచ్చువేస్తే 2014 క్రిస్మస్‌కి ఎగబడి కొన్నారు. క్రిస్టీ నాటకం 'ది మౌస్‌ట్రాప్' 1952 నుంచి లండన్‌లో ఆడుతోంది, కోవిడ్ అప్పుడు తప్ప ఆగలేదు. ఆట అయ్యాక హంతకుడి పేరు బయట చెప్పొద్దని ప్రేక్షకుల్ని బతిమాలుకుంటారు.

సీరియల్స్ చూస్తే సరిపోదా?

చదివాక చూడండి. ప్వారో అంటే డేవిడ్ సూషే (1989 నుంచి 2013), క్రిస్టీ ఇంకో డిటెక్టివ్ మిస్ మార్పుల్ అంటే జోన్ హిక్సన్ (1984 నుంచి 1992), హోమ్స్ అంటే జెరెమీ బ్రెట్. కొత్త సినిమాల్లో ప్వారో మీసం తప్ప నాకేమీ గుర్తులేదు.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. ఇవ్వొచ్చా?

ఇవ్వండి. హోమ్స్‌లో 'ది బ్లూ కార్బంకుల్' (1892) మొదట ఇవ్వండి. క్రిస్మస్‌కి కోసిన బాతు కడుపులో వజ్రంలాంటి రాయి దొరుకుతుంది, హత్య లేదు, రక్తం లేదు, నవ్వుకూడా వస్తుంది. క్రిస్టీ తర్వాత తనే వెతుక్కుంటుంది. 'అండ్ దెన్ దేర్ వర్ నన్' మాత్రం పగటిపూట చదువుకోమనండి.